చూర్ణహిమపతన శాస్త్రం

1. శాస్త్రారంభ సమర్థనం

రాత్రికి రాత్రి కొండవాలు మీద తొడలోతున కురిసిన పొడిమంచులో, కాళ్ళకు స్కీలు బిగించుకున్న ప్రథమసాధకుడు పడే పడటం ఒకే క్రియా, లేక పరస్పర భిన్నములైన అనేక క్రియల సముదాయమా అన్న ప్రశ్నను తేల్చనంతవరకు హిమక్రీడల మీద ఎన్ని గ్రంథాలు వెలువడినా అవి అసమగ్రములే. ఇంతవరకు వచ్చిన వాఙ్మయమంతా నిలబడటాన్ని గురించి, జారటాన్ని గురించి, మలుపు తిరగటాన్ని గురించి విస్తరించి విస్తరించి, పడటం దగ్గరికి వచ్చేసరికి ‘పడితే లేవండి’ అనే రెండు మాటలతో చేతులు దులుపుకున్నది. సాధకుడు దినంలో అధికభాగం ఏ స్థితిలో గడుపుతాడో ఆ స్థితికి రెండు మాటలు, అరక్షణం మాత్రమే అనుభవించే స్థితికి రెండు వందల పుటలు కేటాయించటం శాస్త్రమర్యాద కాదు.

పూర్వాచార్యులను తక్కువ చేయటం మా ఉద్దేశం కాదు. 1611లో ప్రాగ్ నగరంలో చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడైన యోహానెస్ కెప్లర్, మంచురేకకు ఆరు కోణాలే ఎందుకుండాలి, అయిదో ఏడో ఎందుకుండరాదు అన్న విషయం మీద చిన్న గ్రంథమే రచించి, తన పోషకుడికి కొత్త సంవత్సరపు కానుకగా సమర్పించాడు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఒంటరి మంచు స్ఫటికాన్ని ఫొటోలో బంధించాడు. జపాన్‌లో ఉకిచిరో నకాయా 1936లో కుందేలు వెంట్రుక మీద ప్రయోగశాలలోనే స్ఫటికాన్ని పెంచి, ఎంత చలిలో, ఎంత తేమలో ఏ ఆకారం పుడుతుందో పటం గీశాడు. ఈ మహానుభావులందరూ హిమం పడటం దగ్గర ఆగిపోయారు. హిమంలో పడటం మిగిలిపోయింది.

సంప్రదాయానుసారంగా అనుబంధ చతుష్టయం చెప్పవలసి ఉంది. ఈ శాస్త్రానికి విషయం పతనం. ప్రయోజనం ఉత్థానం, ఒకానొక శాఖవారి మతంలో ప్రయోజనం కూడా పతనమే, ఎందుకంటే ఉత్థానం సిద్ధించిన దాఖలాలు వారి శాఖలో లేవు. సంబంధం గురుత్వాకర్షణ. ఇక అధికారి లక్షణాన్ని కొంచెం విడమరచి చెప్పాలి.

యంత్రంతో దువ్వి చదును చేసిన స్లోప్ మీద, స్నోప్లౌ భంగిమలో, అనగా స్కీల ముందు కొసలు దగ్గరగానూ వెనుక కొసలు దూరంగానూ పెట్టి, ఆగటం అభ్యసించి, కుడికీ ఎడమకీ తిరగటం వచ్చేసిందని తనకు తానే నిశ్చయించుకుని, ఆ నిశ్చయాన్ని బంధుమిత్రులకు వీడియో రూపంలో నివేదించుకున్నవాడు అధికారి. బొత్తిగా రానివాడు పొడిమంచు దాకా వెళ్ళడు. బాగా వచ్చినవాడు వెళ్ళినా పడడు. ఈ ఇద్దరికీ నడుమ ఉండే సన్నని కాలఖండంలో మాత్రమే అధికారం సిద్ధిస్తుంది. చింతపల్లి దగ్గర లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున గడ్డిపోచల మీద తెల్లగా పేరుకున్నదాన్ని చూసి, ఆ ఊరికి ఆంధ్రా కశ్మీరమన్న పేరు కూడా ఉన్నందువల్ల, హిమవిద్యలో ప్రాథమిక పరీక్ష గట్టెక్కినట్టేనని భావించేవారు మనలో ఉన్నారు. వారికి అధికారం లేదనము. ఉంది, కాని ఆ కారణం చేత కాదు.

2. క్షేత్ర నిర్ణయం

భూమి మీద ఈ విద్యకు పీఠాలు పలు చోట్ల ఉన్నాయి. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమ పీల్చుకుని దించిపోయే నిసెకో ఒకటి. అమెరికాలో యూటా కొండలు ఒకటి. భరతఖండంలో ఔలీకి దాని గౌరవం దానికున్నా, లోతు విషయంలో గుల్‌మర్గ్‌దే అగ్రతాంబూలం. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే, వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వాతావరణ శాఖ వారు పిలిచే మేఘసమూహం పీర్ పంజాల్ కొండలకు తగిలి అక్కడ తన భారం దించుకుంటుంది. కశ్మీరీలు చలికాలాన్ని డిసెంబరు 21 నుంచి 40 దినాల చిల్లై కలాన్, తరువాత 20 దినాల చిల్లై ఖుర్ద్, ఆపైన 10 దినాల చిల్లై బచ్చా అని మూడుగా విభజించుకున్నారు. చలినే ఇంత నిష్ఠగా వర్గీకరించిన దేశంలో పతనాన్ని వర్గీకరించకుండా వదిలేయటం మాకు సబబుగా తోచలేదు.

గుల్‌మర్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి గండోలా అనే రోప్‌వే మొదటి అంచె 1998లోనూ, అఫర్వత్ కొండభుజం మీద సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకుపోయే రెండో అంచె 2005లోనూ మొదలయ్యాయి. ఎక్కినవాడు అదే గండోలాలో కూర్చుని సుఖంగా దిగి రావచ్చు. అలా దిగిరావటానికి సిగ్గుపడటమే ఈ శాస్త్రానికి ప్రాణాధారం.

3. చూర్ణహిమ లక్షణం

‘తెల్లగా ఉన్నది చూర్ణహిమం’ అన్న లక్షణానికి అతివ్యాప్తి దోషం పట్టింది. నిన్నటి ఎండకు కరిగి రాత్రికి పెచ్చుకట్టిన మంచు కూడా తెల్లగానే ఉంటుంది. భేదం పడినవాడి మోచేతికి మాత్రమే గోచరిస్తుంది. ‘లోతుగా ఉన్నది’ అంటే అవ్యాప్తి. జానెడు మందాన పడినదీ పొడిమంచే. ‘గుప్పిట పట్టి నొక్కితే ఉండ కట్టనిది’ అన్న లక్షణాన్ని ప్రాచీనులు మిక్కిలి ఆదరించారు, మేమూ కొంతకాలం ఆదరించాము. కాని పాత మంచు పొరల అడుగున వారాల తరబడి చలిలో రూపం మారి పలుకులు పలుకులుగా విడిపోయే మంచు ఒకటుంది. అదీ ఉండ కట్టదు. పైపొరను మోయలేక కొండచరియ మొత్తాన్ని జార్చివేసే ఆ దుష్టపదార్థానికి ఈ గౌరవం దక్కరాదు. కనుక సిద్ధాంత లక్షణం ఇది: కొత్తగా కురిసి, గాలికి నలగక, ఎండకు చెమ్మగిల్లక, యంత్రానికి చిక్కక, గుప్పిట్లో ఉండ కట్టక, అడుగు పెట్టినవాడిని తాను తలచిన చోట తప్ప వాడు తలచిన చోట ఆపనిది చూర్ణహిమం.

దీని ద్రవ్యస్వరూపం విచిత్రమైనది. ఘనమీటరు నీటి బరువు 1,000 కిలోలు. ఐసుగడ్డ 917 కిలోలు. దువ్విన స్లోప్ మీది మంచు నాలుగైదు వందల కిలోలు. చూర్ణహిమమైతే 100 కిలోలకు లోపే, మరీ పొడిగా ఉంటే 50. తక్కినదంతా గాలి. అనగా మంచులో పడుతున్నానని తలచే సాధకుడు నూటికి తొంభై పాళ్ళు గాలిలోనే పడుతున్నాడు. అట్లయితే దీనిని ఆకాశపతనమనాలి గాని హిమపతనమని ఎందుకనాలి అని తార్కికులు ఆక్షేపిస్తారు. మెడపట్టీ సందులోంచి వీపు మీదికి దిగినవి మిగతా పది పాళ్ళు కనుక అనాలి అని సమాధానం.

4. కారణ మీమాంస

దువ్విన స్లోప్ మీద ఏది సుగుణమో చూర్ణహిమంలో అదే దోషం. ఇక్కడే ఈ శాస్త్రం తక్కిన శాస్త్రాలకు భిన్నంగా నిలుస్తుంది. ఇతర విద్యలలో ముందు తరగతి తరువాతి తరగతికి మెట్టవుతుంది, ఇందులో గొయ్యి అవుతుంది.

గట్టి స్లోప్ మీద మలుపు తిరిగేటప్పుడు బయటివైపు స్కీ మీద బరువు వేయాలని గురువు వారం పాటు చెప్పి ఉంటాడు. పొడిమంచులో అదే పని చేస్తే బరువు పడిన స్కీ మునుగుతుంది, పడని స్కీ తేలుతుంది, సాధకుడి రెండు కాళ్ళు రెండు అంతస్తుల్లో ప్రయాణం సాగిస్తాయి. ఇక్కడ రెండు స్కీలూ ఒకే వేదికలాగా సమభారంతో, దగ్గర దగ్గరగా నడవాలి. స్నోప్లౌ సంగతి మరీ దారుణం. ఆ భంగిమ స్కీ అంచు గట్టి నేలను గీరటం మీద ఆధారపడినది. గీరటానికి నేల లేని చోట స్కీలు మంచును ముందుకు తోసుకుంటూ పోయి, ఎవరికీ కనబడని లోతులో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. తన స్కీలు తనకు కనబడకపోవటం సాధకుడి జీవితంలో అది మొదటిసారి. వాటిని వెదుకుతూ తల వంచుతాడు. తల పోయిన దారినే తక్కిన శరీరం పోతుంది.

అన్నింటినీ మించినది వేగ విరోధాభాసం. పొడిమంచులో స్కీని పైకి తేల్చేది వేగమే. నిదానించినకొద్దీ మునక, మునిగినకొద్దీ నిదానం. ప్రథమసాధకుడు భయంచేత నిదానిస్తాడు, నిదానించి మునుగుతాడు, మునిగి ఆగుతాడు, ఆగి పడతాడు, పడి భయపడతాడు. తర్కశాస్త్రంలో దీనిని చక్రకమనే దోషంగా పరిగణిస్తారు. కొండ మీద దీనిని ఉదయపు తరగతి అంటారు. “స్పీడ్ రఖో సార్, స్పీడ్!” అని దిగువ నుంచి కశ్మీరీ ఇన్‌స్ట్రక్టర్ అరిచే అరుపు శబ్దప్రమాణం. దానిని సాధకుడి బుద్ధి అంగీకరిస్తుంది. మోకాళ్ళు అంగీకరించవు, అవి చార్వాకులు.

ఈ మునకకు పరిహారం విషయంలో రెండు శాఖలున్నాయి. పశ్చాన్నతివాదులు బరువును మడమల మీదికి నెట్టి, వెనక్కి వాలి, స్కీ ముక్కులను మంచు మీదికి ఎత్తిపట్టాలంటారు. మధ్యస్థవాదులు పాదం నడిమధ్యనే బరువు నిలిపి, చీలమండలు మెత్తగా ఉంచి, మలుపు మలుపుకూ కాళ్ళు ముడిచి చాపుతూ పోవాలంటారు. మొదటిది ప్రాచీనం, సులభబోధ, పైగా భయంచేత సాధకుడు అడగకుండానే ఆచరించేది. కాని వెనక్కి వాలినవాడి తొడలు వంద గజాలు తిరగకుండానే మండిపోతాయి, స్కీల మీద అదుపు తప్పుతుంది. కనుక నేటి గురువులలో అధికసంఖ్యాకులు మధ్యస్థవాదులే. మేమూ ఆ మతంవారమే, తొడలు మండనంతవరకు.

శాఖావైరం ఈ విద్యకు కొత్త కాదు. ఆస్ట్రియాలో లిలియెన్‌ఫెల్డ్ వాసి మథియాస్ జ్దార్‌స్కీ ఒకే ఒక్క పొడుగాటి కర్ర ఊతంగా ఏటవాలు కొండలు దిగే పద్ధతిని ప్రతిపాదించి, నార్వే సంప్రదాయంవారితో ఏళ్ళ తరబడి వాదులాడాడు. 1905లో ముకెన్‌కోగెల్ కొండ మీద జెండాల నడుమ మెలికలు తిరిగే పందెం కూడా ఏర్పాటు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో హిమపాతం కింద చిక్కి ఒళ్ళంతా ఎముకలు విరిగినా మళ్ళీ స్కీల మీద నిలిచాడు. పతనశాస్త్రంలో ఇంతకంటె పెద్ద పట్టా ఎవరికీ లేదు. ఆధునిక కాలంలో తగువు కర్రల నుంచి స్కీల వెడల్పుకు మారింది. నడుము దగ్గర డెబ్భై, ఎనభై మిల్లీమీటర్ల సన్నని స్కీలవారు తనుపాదులు. నూరు దాటినవారు విశాలపాదులు. విశాలపాదులలో షేన్ మెకాంకీ అనే ఆచార్యుడు అలాస్కా కొండల మీద ఏకంగా నీటిక్రీడల స్కీలు కట్టుకుని దిగి చూసి, ఆ అనుభవంతో, కొసలు పైకి లేచి నడుము కిందికి వంగిన వెడల్పాటి స్కీకి 2002 ప్రాంతంలో రూపం ఇప్పించాడు. ఎక్కువ వైశాల్యం మీద బరువు పరుచుకుంటే మునక తగ్గుతుందన్నది వారి సిద్ధాంతం, అది నిర్వివాదం. అయితే ప్రథమసాధకుడు ఏ శాఖవాడన్నది సిద్ధాంతబలంతో తేలదు. ఆ ఉదయం అద్దె దుకాణంలో ఏ జత మిగిలిందో అదే వాడి శాఖ.

5. పతన భేదాలు

పతనం ప్రధానంగా అయిదు విధాలు.

(అ) పురోముఖం. స్కీ ముక్కులు మంచులో దూరి ఆగిపోగా శరీరం పూర్వవేగంతోనే ముందుకు పోవటం. చూసేవారికి మనోహరం. దీని గురించి ఇతరులు విస్తారంగా చెబుతారు గనుక మేము చెప్పము.

(ఆ) ఆసనం. వెనక్కి వాలి వాలి చివరకు కూర్చోవటం. పశ్చాన్నతివాదుల కులాచారం.

(ఇ) పార్శ్వం. ఎగువ పక్కకు పడితే ఉత్తమం, దిగువకు పడితే అధమం, ఏ పక్కకు పడ్డాడో పడినవాడికి తెలియకపోతే మధ్యమం.

(ఈ) సంకల్పం. ఆగే ఉపాయం మరొకటి తోచక ఇచ్ఛాపూర్వకంగా పడటం. తక్కిన నాలుగింటినీ కూడా, పడిన పిదప, ఇందులోనే జమకట్టాలని సాధకులు పట్టుబడతారు. సంకల్పం క్రియకు ముందుండాలా, వెనుక వచ్చినా చెల్లుతుందా అన్నది ధర్మసూక్ష్మం.

(ఉ) స్థితం. ఇది ఈ శాస్త్రానికి శిరోభూషణం. గట్టి స్లోప్ మీద దీనికి ఉదాహరణ దొరకటం అరుదు. కదలకుండా, క్షేమంగా, వాలుకు అడ్డంగా నిలబడి ఉన్నవాడు, ఏ ప్రేరణా లేకుండా పడటం స్థితపతనం.

దీని ప్రక్రియ సూక్ష్మంగా పరిశీలించదగినది. సాధకుడు ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, కొండలు చూశాడు, చూసినవి ఫొటో తీయాలనుకున్నాడు. కర్రలు రెండూ చంకలో ఇరికించాడు. కుడిచేతి గ్లవ్ కొసను పళ్ళతో పట్టి లాగాడు. జాకెట్టు లోపలి జేబు జిప్పు మంచు పట్టి సగంలో ఆగిపోయింది. దాని కోసం మెడ వంచాడు. ఆ మెడ బరువుకు దిగువ స్కీ కింద మంచు కాస్త అణిగింది. ఆ స్కీ అంగుళం దిగింది. అంగుళం దిగినందువల్ల మరికొంత బరువు దాని మీదికి పోయింది, పోయినందువల్ల మరో అంగుళం దిగింది. ఈ అవరోహణ నాలుగైదు క్షణాలు సాగుతుంది. ఆ కాలమంతా సాధకుడు పూర్ణస్పృహతో, జరగబోయేదంతా ఎరిగి, గ్లవ్ నోట కరుచుకుని ఉంటాడు. “ఒరేయ్, ఒరేయ్” అనాలనుకుంటాడు, గ్లవ్ అడ్డం. వేదాంతులు చెప్పే సాక్షిభావం ఇంత పరిశుద్ధంగా మరెక్కడా సిద్ధించదు.

స్థితపతనం మళ్ళీ రెండు విధాలు: సఫోనం, విఫోనం. ఫోను చేతికి రాకముందే పడటం విఫోనం. వచ్చాక పడటం సఫోనం. ఇందులో సమస్త దేహమూ మునిగినా ఫోను పట్టిన చెయ్యి ఒక్కటి మంచుకు పైన నిలిచి ఉండటం లక్షణం. దేహమూ చెయ్యీ కలిసి మునిగి ఫోను మాత్రం పైన ఉండే మూడో భేదాన్ని కొందరు ప్రతిపాదించారు గాని, దానికి దృష్టాంతం చూపలేదు.

6. సాత్విక భావ ప్రకరణం

రసశాస్త్రంలో చెప్పిన సాత్విక భావాలు ఎనిమిదీ ఒకే పతనంలో, ఒకే పాత్రయందు ఉదయించటం కావ్యాలలో దుర్లభం, చూర్ణహిమంలో సులభం. ముక్కుల దాకా మునిగిన స్కీలు కదలకపోవటం స్తంభం. మైనస్ పదింట కూడా లోపలి బనియను తడిసిపోవటం స్వేదం. మెడపట్టీలోంచి మంచు దిగినప్పటిది రోమాంచం. అది దిగిన మార్గాన్ని అనుసరించి వెన్నువెంట క్రమంగా వ్యాపిస్తుందే గాని కావ్యాలలోవలె సర్వాంగాలకూ ఒక్కసారిగా వ్యాపించదు. వేపథువు అనగా వణుకు, వైవర్ణ్యం అనగా ముక్కుకొన ఎర్రబడటం, అశ్రువు అనగా గాగుల్స్ తీసినప్పుడు చలిగాలికి కళ్ళు కారటం. వీటికి వ్యాఖ్యానం అక్కరలేదు. గాగుల్స్ లోపల ఊపిరి పట్టి మసకబారి, పైకి చూస్తున్నాడో కిందికి చూస్తున్నాడో తెలియని తెల్లదనంలో మనసు లయించటం ప్రళయం.

స్వరభేదం గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. కొత్త మంచు రేకుల సందులన్నీ గాలితో నిండి ఉండటంచేత అది ధ్వనిని తనలోకి పీల్చుకుంటుంది. అందువల్ల పడిన బావగారు “ఏవండోయ్ బావగారూ, ఇటు రండి!” అని గొంతు చించుకున్నా, ముప్పై గజాల దిగువన ఉన్న బావగారికి ఏదో మూలిగినట్టు మాత్రమే వినబడుతుంది. ఆయన పైకి చూసి చెయ్యి ఊపుతారు. అది అభినందన.

7. ఉత్థాన ప్రకరణం

లేవటంలో నాలుగు శాఖలున్నాయి.

దండశాఖ: కర్ర నేలకు ఆనించి లేవటం. గట్టి స్లోప్ మీద అభ్యసించినది ఇదే గనుక సాధకుడు మొదట దీనినే ఆశ్రయిస్తాడు. కర్ర, ఊకబస్తాలో చెయ్యి దూర్చినట్టు, పిడి దాకా దిగిపోతుంది, దానితో భుజం, దానితో చెవి. లేవబోయినవాడు మునుపటికంటె లోతుగా పడి ఉంటాడు.

గుణకారశాఖ: ఇది సిద్ధాంతం. ముందు స్కీలు రెండూ దిగువ పక్కకు తెచ్చుకుని, వాలుకు సరిగ్గా అడ్డంగా అమర్చుకోవాలి. ఆపైన రెండు కర్రలనూ గుణకార చిహ్నం ఆకారంలో మంచు మీద పడుకోబెట్టి, అవి ఒకదానినొకటి దాటే చోట అరచెయ్యి ఉంచి నొక్కాలి. బరువు నాలుగు దిక్కులకూ పంచుకుపోయి మంచు మోస్తుంది. మోస్తుంది అంటే ఒక్కసారి మోస్తుంది.

పరిత్యాగశాఖ: ‘ఈ స్కీలే కదా బంధం’ అని వైరాగ్యం పుట్టి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ వెనుక మీట నొక్కి పాదాలను విముక్తం చేసుకోవటం. వీరి గతి శోచనీయం. స్కీ ఉన్నంతసేపూ మోకాలి దాకా మాత్రమే ఉన్న లోతు, స్కీ వదిలిన మరుక్షణం నడుము దాకా వస్తుంది. పైగా మళ్ళీ తొడుగుదామంటే బూటు అడుగున మంచు గడ్డకట్టి బైండింగ్ పట్టదు. గడ్డను కర్రకొసతో గీకాలి. గీకటానికి ఒంటికాలి మీద నిలబడాలి. నిలబడినవాడికి స్థితపతన ప్రకరణం మొదటి నుంచీ వర్తిస్తుంది. త్యాగం చేసినవాడు మళ్ళీ సంసారంలోకి రావటం ఎంత కష్టమో పెద్దలు వేరుగా చెప్పనక్కరలేదు.

హస్తాలంబశాఖ: ఇన్‌స్ట్రక్టర్ తన కర్ర చాపి లాగటం. ఫలితం నిశ్చయం. ఇది శాస్త్రమా కాదా అన్న చర్చ వ్యర్థమని మా అభిప్రాయం.

8. లుప్తస్కీ విచారం

పతనవేగానికి బైండింగ్ విడిపోయి ఒక స్కీ మంచులో మాయమవుతుంది. గట్టి స్లోప్ మీద ఇది సమస్యే కాదు. చూర్ణహిమంలో మాత్రం పైన గీత కూడా మిగలదు. ఇప్పుడు ఆ స్కీ యొక్క అభావం నాలుగు అభావాలలో దేనికి చెందుతుంది?

అది నశించిందని సాధకుడు భావించేది ప్రధ్వంసాభావం. ఇంకా దొరకలేదు గాని దొరకబోతున్నదని ఇన్‌స్ట్రక్టర్ భావించేది ప్రాగభావం. ఈ కొండ మీద స్కీ అనేదే ఎన్నడూ లేదని, అరగంట తవ్విన తరువాత కలిగే నిశ్చయం అత్యంతాభావం. తవ్వగా తవ్వగా చేతికి తగిలి, ఆనందంతో బయటికి లాగినది దేవదారు కొమ్మ అని తేలటం అన్యోన్యాభావం. అద్దె దుకాణదారు ఈ భేదాలను గుర్తించడు. అభావాలన్నింటికీ ఒకే రేటు వేస్తాడు.

వెదికే దిక్కు విషయంలో సాధకలోకమంతా భ్రమలో ఉంది. జారేది కిందికే జారుతుందన్న అనుమానప్రమాణంతో అందరూ తాము పడి ఆగిన చోటికి దిగువన వెదుకుతారు. ఇది హేత్వాభాసం. స్కీ విడిపోగానే దాని బ్రేకు చువ్వలు కిందికి వాలుతాయి, అది ఉన్నచోటనే మంచు అడుగున కూరుకుపోతుంది; వేగం మిగిలినది దేహానికి. కనుక స్కీ సాధారణంగా ఎగువన ఉంటుంది, సాధకుడు దిగువన ఉంటాడు. స్కీ విడిపోయిన చోటును కర్ర గుచ్చి గుర్తుపెట్టుకుని, దానికి కొంచెం ఎగువ నుంచి, రెండో స్కీ వెనుక కొసతో మంచును అడ్డంగా, దగ్గర దగ్గర గీతలుగా కోస్తూ రావాలి. తెలిసినవారు ముందే స్కీలకు రంగురంగుల పొడుగాటి రిబ్బను కట్టి ప్యాంటు అంచు లోపల దోపుకుంటారు. స్కీ ఎంత లోతుకు పోయినా రిబ్బను తోక ఎక్కడో ఒకచోట పైకి తేలుతుంది. దీనిని కట్టుకున్నవాడు పడటానికి సిద్ధమై వచ్చినట్టు లోకం గ్రహిస్తుందన్న శంకతో ప్రథమసాధకులు కట్టుకోరు.

9. నిషేధాలు

ఇవి సంక్షిప్తం, కాని ఉల్లంఘించరానివి. చెట్ల మొదళ్ళ దగ్గరికి పోరాదు: కొమ్మల కింద మంచు చేరక మానుచుట్టూ గుల్లగా గొయ్యి ఉంటుంది, అందులో తలకిందులుగా పడినవాడు ఊపిరాడక పోతాడు. గస్తీ ఉన్న హద్దు దాటరాదు. హిమపాతాలు అధికంగా విరుచుకుపడేవి 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద; సరిగ్గా అదే వాలు చూర్ణహిమానికి అందం. గుల్‌మర్గ్‌లో గస్తీవారు ఏ రోజు ప్రమాదస్థాయి ఆ రోజు ప్రకటిస్తారు. దానిని చదవనివాడికి, సంకేతం పంపే బీకన్, గుచ్చి చూసే ప్రోబ్, పార ఈ మూడూ, వాటిని వాడటం తెలిసిన తోడూ లేనివాడికి ఆ దిక్కున పడే అధికారం సైతం లేదు. ఒంటరిగా పడరాదు.

10. లోతు ప్రమాణం

సాయంకాలం హోటల్ గదిలో బుఖారీ పొయ్యి చుట్టూ చేరి, ఆనాటి మంచు ఎంత లోతు అన్న విచారణ చేయటం నిత్యకర్మ. పడినవాడు “పీకల్లోతు బావా” అంటాడు. వీడియో తీసినవాడు “మోకాలి దాకానే ఉందిరా” అంటాడు. పామరులు ఇందులో ఒకటి సత్యం, ఒకటి అసత్యం అనుకుంటారు.

నిజానికి వివాదం మానదండం గురించి. నిలబడి ఉన్నవాడికి లోతు పాదం నుంచి మొదలవుతుంది; తలకిందులుగా ఉన్నవాడికి తల నుంచి మొదలవుతుంది. రెండడుగుల మంచు మొదటివాడి మోకాలిని తాకితే, రెండోవాడి పీకను దాటి భుజాల మీదుగా పోతుంది. ఊర్ధ్వమానంలో మోకాలు ఎంత సత్యమో, అధశ్శిరోమానంలో పీక అంత సత్యం. పక్కకు పడినవాడికి రెండడుగుల మంచు సర్వాంగాలనూ కప్పుతుంది గనుక తిర్యఙ్మానంలో అది నిలువెత్తు లోతు. ఈ మూడు మానాలలో ఏది వాడాడో చెప్పకుండా లోతు చెప్పటమే దోషం గాని, లోతు దోషం కాదు.

ఇటువంటి సందర్భంలో మధ్యవర్తిగా ఇన్‌స్ట్రక్టర్‌ను పిలిచి అడగటం ఆచారంగా ఉంది. ఆయన కహ్వా గ్లాసు కింద పెట్టి, తన బూటు మీద తడి ఎంతవరకు ఎక్కిందో వేలితో చూపించి, “ఇత్నా, సార్” అంటాడు. ఆ సాక్ష్యం చెల్లదు. ఆయన ఆ రోజంతా నిలబడే ఉన్నాడు.